సర్వేకీ సర్వేకీ మధ్య

మా ఆస్పత్రికి అక్రిడిటేషన్, అదే నాణ్యత గుర్తింపు, వచ్చిన రోజు రిసెప్షన్‌లో మిఠాయిలు పంచారు. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించారు. నెల తిరక్కముందే అన్నీ మళ్ళీ పాత దారిన పడ్డాయి. చేతులకు రాసుకునే మందు సీసాలు ఖాళీ అయితే నింపే దిక్కు లేదు. వార్డు గోడ మీద బోర్డులో తేదీ మార్చడం మానేశారు. ఎవరినీ ఏమీ అనలేకపోయాను. గుర్తింపు ఇచ్చేవాళ్ళు వచ్చి చూసే సర్వే ముందు కొన్ని నెలల పాటు ఆయాల దగ్గర నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవరికీ సెలవు లేదు, కంటినిండా నిద్ర లేదు. సర్వే వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయాక మా స్టాఫ్‌లో చాలామంది జ్వరాలతో పడుకున్నారు.

తిరుపతిలోని ఈ ఆస్పత్రిలో నేను క్వాలిటీ చూస్తాను, అంటే పనులన్నీ నియమం ప్రకారం జరుగుతున్నాయా లేదా అని. అంతకుముందు చాలా ఏళ్ళు అక్కడే వార్డు నర్సును. మాది ఐరాల పక్కన పల్లె. నాయన చెరకు పెట్టేవాడు. చిత్తూరులో నర్సింగు చదువుకుని, ఉద్యోగానికి తిరుపతి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మోకాళ్ళ నొప్పులు మొదలై, నిలబడి చేసే డ్యూటీలు ఇక నావల్ల కాదని చెప్పినప్పుడు పెద్ద డాక్టరు నన్ను గదికి పిలిచి, "నువ్వు క్వాలిటీ చూసుకోమ్మా, కుర్చీలో కూర్చుని చేసే పని" అన్నాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నది తక్కువ. మెట్లెక్కి దిగి, అందరినీ బతిమాలుకుంటూ తిరగడమే పనైపోయింది. బతిమాలడం అంత అలసట నర్సు పనిలో కూడా లేదు. ఇంజెక్షన్ వేస్తే వేశామని తెలుస్తుంది. ఈ పనిలో సాయంత్రానికి ఏం చేశామో మనకే తెలియదు.

ఇంకా ఒక కష్టం ఉండేది. నర్సులందరి మీద పెద్దగా ఉన్నావిడ నర్సింగు కాలేజీలో నాకు సీనియర్. నన్ను ఈ ఆస్పత్రికి తీసుకొచ్చింది కూడా ఆవిడే. నేను ఆవిడను అక్కా అనే పిలిచేదాన్ని. ఇప్పుడు ఆ అక్క మనుషులు చేసే పనిలో తప్పులు వెతకడం నా ఉద్యోగమైంది.

అక్రిడిటేషన్ ఒకసారి వచ్చాక మళ్ళీ పెద్ద సర్వే వచ్చేది కొన్నేళ్ళకు. ఆ మధ్యలో ఆస్పత్రి తనను తాను చూసుకుని, ఎక్కడ ఎలా ఉందో రాసి పంపాలి. ఎలా చూసుకోవాలనేది మన ఇష్టం. ఆ సంగతి మాట్లాడటానికి పెద్ద డాక్టరు అందరినీ కూర్చోబెట్టాడు. ఎవరి విభాగానికి వాళ్ళే మార్కులు వేసుకోవడం ఒక దారి. చెన్నై నుంచి కన్సల్టెంటును పిలిపించుకోవడం ఇంకొకటి. చిత్తూరులో మరో ఆస్పత్రితో మాట్లాడుకుని, వాళ్ళు మనల్ని, మనం వాళ్ళను చూడటం మూడోది. అందరికీ మొదటిదే నచ్చింది. ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. నాకూ ఓపిక లేకపోబట్టి సరేనన్నాను.

కాగితాలు వారం లోపలే వచ్చాయి. అన్ని విభాగాలూ పూర్తి మార్కులు వేసుకున్నాయి. మందుల గది వాళ్ళు ఫ్రిజ్ చల్లదనానికి కూడా పూర్తి మార్కులు వేసుకున్నారు. ఆ సమయానికి ఆ ఫ్రిజ్ రిపేరుకు పోయి ఉంది, మందులు పక్క విభాగం ఫ్రిజ్‌లో ఉన్నాయి. వెళ్ళి అడిగితే, "ఫ్రిజ్ వచ్చినాక చల్లగానే ఉంటుంది గదా మేడం" అన్నాడు అక్కడి ఫార్మసిస్టు. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

ఆ కాగితాలు చూసి పెద్ద డాక్టరే ఇబ్బంది పడ్డాడు. కన్సల్టెంటును పిలిపించాడు. ఆయన వచ్చి ఏసీ గదిలో కూర్చుని ఫైళ్ళన్నీ తిరగేశాడు. ఒకసారి వార్డుల్లో చుట్టి వచ్చి, స్వామి దర్శనం చేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన పంపిన రిపోర్టు చాలా లావుగా ఉంది. మధ్యలో ఒకచోట మా ఆస్పత్రి పేరు ఉండాల్సిన చోట వేరే ఊరి ఆస్పత్రి పేరు ఉంది. దాన్ని పెద్ద డాక్టరు ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ చిత్తూరు వాళ్ళకే ఫోన్ చేద్దాం లేమ్మా" అన్నాడు చివరికి.

చిత్తూరులో మాకంటే చిన్నదైన ఒక పాత ఆస్పత్రి ఉంది. అక్కడ క్వాలిటీ చూసే ఆయన ఒకప్పుడు ల్యాబులో పనిచేసినవాడు, రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. మాట నెమ్మది. మొదటి రోజు పొద్దున బస్సు దిగి నేరుగా వచ్చాడు. నేను బల్ల మీద ఫైళ్ళు పేర్చి పెట్టుకుని కూర్చున్నాను. వాటి వంక చూసి చేయి అడ్డంగా ఊపాడు.

"ఇవి మా కాడ గూడా ఉండాయి మేడం. ఇవి సూసేదానికి ఇంత దూరం ఎందుకు? ఒక పేషెంటును సూపించండి. గేటు కాడ నుంచి ఆయమ్మతోనే పోదాం. ఆయమ్మకు ఏం జరిగితే అదే మీ ఆస్పత్రి."

గేటు దగ్గర నిలబడ్డాం. ఆటోలోంచి ఒక పెద్దావిడ దిగింది, కూతురు సాయంగా ఉంది. వడమాలపేట దగ్గరి పల్లె. మామిడి తోపులో కాయలు ఏరుతూ కాలు జారి పడిందట, కుడి మణికట్టు వాచిపోయి ఉంది. మేము ఎవరమో చెప్పి, ఇవాళంతా నీ వెంట రావచ్చా అని అడిగాను.

"నా ఎనకాల ఇద్దురు రావాల్నా? నేనేమన్నా మంత్రినా?" అంది. తర్వాత ఎడమ చేతిలోని సంచి నాకు అందించింది. "సరే, వచ్చేవాళ్ళు ఊరికే రాకండి, ఇది పట్టుకోండి. నాకు వొగ చెయ్యే గదా పన్జేస్తా ఉండేది."

అలా ఆ సంచి పట్టుకుని మా ఆస్పత్రిలోకి నేను మొదటిసారి పేషెంటు వైపు నుంచి నడిచాను. ఓపీ చీటీ దగ్గర పేరు, ఊరు అడిగారు. డాక్టరు గది బయట మళ్ళీ అడిగారు. ఎక్స్‌రే దగ్గర అడిగారు. అడ్మిషన్ దగ్గర అడిగారు. "ఈళ్ళకు నా పేరు మీద ఏం మోజో, అందురూ అదే అడగతా ఉండారు" అంది పెద్దావిడ. నొప్పి ఎంత ఉందని మాత్రం డాక్టరు తప్ప ఎవరూ అడగలేదు. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. కూతురు బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ అటూ ఇటూ కదులుతోంది. చిత్తూరు ఆయన నా వంక చూసి, లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడను బాత్రూముకు తీసుకెళ్ళాను. ఒక చేత్తో చీర సర్దుకోలేక అంతసేపూ బిగబట్టుకుని కూర్చుందట. "ఎవుర్ని అడిగేది పాపా, అందురూ పరిగెత్తతానే ఉండిరి" అంది.

ఎముక రెండుచోట్ల విరిగింది, ప్లేటు వేయాలన్నారు. మర్నాడు ఉదయం ఆపరేషన్. మధ్యాహ్నానికి వార్డులో మంచం ఇచ్చారు. ఆ పూట ఆ వార్డులో ఇద్దరు నర్సులు ఉండాలి, ఒకమ్మాయి సెలవు పెట్టింది. ఉన్న అమ్మాయిది శ్రీకాళహస్తి. పనిలో చురుకైన పిల్ల, మా అక్కకు ఎంతో నమ్మకం. ఆమె వచ్చి బీపీ చూసి, చేతికి పేరు పట్టీ కట్టి, పెద్దావిడ దగ్గరగా వంగి చెప్పింది.

"అవ్వా, రేపు పొద్దన్నే నీకు ఆపరేషన్. రాత్రి పది నుంచి ఏమీ తినకూడదు..."

పక్క మంచం వాళ్ళు బెల్లు నొక్కారు. సెలైన్ అయిపోయింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి అది మార్చి వచ్చింది. "అర్థమైంది గదా అవ్వా?" అంది. "అట్లనే పాపా" అంది పెద్దావిడ. ఆ అమ్మాయి కేస్‌షీటులో టిక్కు పెట్టుకుని తర్వాతి మంచానికి పోయింది. చిత్తూరు ఆయన తన పుస్తకంలో, దగ్గరికి వెళ్ళి వాళ్ళ మాటలో చెప్పారు, బాగుంది, మధ్యలో బెల్లు మోగింది అని రాసుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను.

మర్నాడు థియేటర్‌కు తీసుకెళ్ళే ముందు మేమిద్దరం వార్డుకు వెళ్ళాం. కూతురు స్నానానికి పోయింది. పెద్దావిడ ఆకుపచ్చ గౌనులో మంచం అంచున కూర్చుని ఉంది. చిత్తూరు ఆయన ఊరికే పలకరింపుగా అడిగాడు.

"ఏమ్మా, ఆకలేస్తా ఉండాదా?"

"ఆకలేముంది నాయనా. ఇప్పుడే టీ తాగితి, వొగ అరటిపండు తింటి. అన్నం మాత్రం ముట్లే."

కడుపులో ఏదైనా ఉండగా మత్తు ఇస్తే, అది గొంతులోకి పొంగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనిషి పోయినా పోవచ్చు. చిత్తూరు ఆయన పుస్తకం మూసేసి నర్సు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. రాత్రి డ్యూటీ వాళ్ళు దిగి, పొద్దున డ్యూటీకి మళ్ళీ ఆ శ్రీకాళహస్తి అమ్మాయే వచ్చి ఉంది. ఆమె పరుగున మంచం దగ్గరికి వచ్చింది.

"నేను చెప్పినాను గదా అవ్వా, ఏమీ తినకూడదని!"

"అన్నమే గదా పాపా తినొద్దనింది? నేను తిన్లే. రాత్రి నుంచి మెతుకు ముట్లే నేను. టీ తాగితే తిన్నట్లా?"

మా ఊళ్ళో ఎవరైనా తిన్నావా అని అడిగితే అన్నం తిన్నావా అనే అర్థం. పొద్దున ఇడ్లీ తిని, కాఫీ తాగి, పదింటికి కూడా ఇంకా ఏమీ తినలేదు అంటాం. నేను అలాంటి పల్లెలోనే పుట్టాను. నర్సుగా ఎన్ని వందల మందికి ఏమీ తినొద్దని అదే మాట చెప్పి ఉంటానో.

"థియేటర్లో మత్తు డాక్టరు మళ్ళా అడిగేవాడే. ఆయమ్మ తిన్లేదనే చెప్పుండేది" అన్నాడు చిత్తూరు ఆయన నాతో, వరండాలోకి వచ్చాక. "అబద్ధం గాదు. ఆయమ్మ లెక్కలో తిన్లేదు గదా."

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. సర్జన్ పొద్దున పూట మాత్రమే వచ్చే మనిషి. ఆయన ఫోన్లోనే గట్టిగా అరిచాడు. పెద్దావిడ ఇంటి దగ్గర ఆవును తలుచుకుని, ఇంకో రోజు ఎవరు మేపుతారని కూతురి మీద విసుక్కుంది. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. రెండు రోజులకు ఇంటికి వెళ్ళిపోతూ ఆవిడ మా ఇద్దరికీ చెయ్యెత్తి నమస్కారం కూడా పెట్టింది, కట్టు లేని ఎడమ చేత్తో.

చిత్తూరు ఆయన రాసింది మూడు పేజీలే. అందులో ఎవరి పేరూ లేదు. వార్డులో ఇద్దరు చేయాల్సిన పని ఒకరు చేస్తున్నారని రాశాడు. తినొద్దు అని కాకుండా నోట్లో ఏమీ వేసుకోవద్దు, టీ, పాలు, పండు, నీళ్ళు ఏవీ వద్దు అని విడివిడిగా చెప్పించాలని, చెప్పిన మాట పేషెంటు చేత తిరిగి చెప్పించుకోవాలని రాశాడు. చదువుతుంటే చాలాకాలానికి నిజమైన కాగితం ఒకటి చేతికొచ్చిందనిపించింది. కొంచెం గర్వంగానే తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు ఇచ్చాను.

పేరు లేకపోతే ఏం, డ్యూటీ చార్టు ఉంది. ఆ అమ్మాయికి మెమో ఇచ్చారు.

నేను వెళ్ళి అడిగాను, తప్పు ఆ పిల్లది కాదు, మెమో వెనక్కి తీసుకోండని. పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు. అలసిపోయిన ముఖంతో నా వంక చూశాడు. "రేపు సర్వే వాళ్ళు ఈ రిపోర్టు చూస్తారు. ఏం చర్య తీసుకున్నారని అడుగుతారు. ఏదో ఒకటి చూపించాలి కదమ్మా" అన్నాడు. ఇంకో నర్సును పెట్టుకున్నామని చూపించవచ్చు కదా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

అక్క నా గదికి వచ్చి తలుపు వేసింది. కూర్చోలేదు.

"ఆ పిల్ల ఇద్దురి పని వొగతే జేస్తా ఉన్నింది. మీరిద్దురూ పెన్నులు పట్టుకోని సూస్తా నిలబడినారు. నువ్వు నర్సువు గాదా? ఆ బెల్లు మోగినప్పుడు నువ్వు పోయి సెలైన్ మార్చుంటే, ఆ పిల్ల మాట పూర్తిగా చెప్పుండేది గదా?"

"అక్కా, చూసేవాళ్ళు మధ్యలో..."

"సూసేవాళ్ళు! బాగుండాది నీ సూడటం."

తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నేను వాదించవచ్చు. మేము సాయం చేస్తే మామూలు రోజుల్లో ఏం జరుగుతోందో తెలియదు కదా అనవచ్చు. అది సరైన మాటే. ఆ రోజు నా నోటికి రాలేదు. ఆ తర్వాత ఆవిడ పని ఉంటేనే మాట్లాడేది. మీటింగులో ఎదురుగా కూర్చుని కూడా నన్ను మేడం అని పిలిచేది. అది చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలేది.

ఆ అమ్మాయి ఆ నెలలోనే రాజీనామా ఇచ్చి చెన్నై వెళ్ళిపోయింది. ధైర్యం చేసి ఒకసారి ఫోన్ చేశాను. బాగానే మాట్లాడింది. అక్కడ పెద్ద ఆస్పత్రి, హాస్టల్ ఇచ్చారని, అరవం కొంచెం కొంచెం వస్తోందని చెప్పింది. పెట్టేసేముందు, "ఆ అవ్వ చెయ్యి బాగైందా మేడం?" అని అడిగింది. కట్టు విప్పించుకోవడానికి వచ్చింది, వేళ్ళు బాగా ఆడుతున్నాయి అన్నాను. "మంచిది మేడం" అంది.

మళ్ళీ విభాగాలు తమకు తాము మార్కులు వేసుకునే సమయం వచ్చింది. ఈసారి కాగితాలు ఇంకా తొందరగా వచ్చాయి. పూర్తి మార్కులు. ప్రతి పేజీ కింద చక్కటి సంతకాలు. నిజం చెబితే ఏమవుతుందో అందరూ చూశారు. వాళ్ళ స్థానంలో నేను ఉన్నా అదే చేసేదాన్ని. ఆ కాగితాల కట్టను అలమరలో పెట్టి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను. ఉద్యోగం మానేద్దామని మా ఆయనతో అన్నాను. "మానెయ్" అన్నాడాయన వెంటనే. అంత సులభంగా అనేసరికి మానబుద్ధి కాలేదు.

ఒప్పందం ప్రకారం నేను చిత్తూరు వెళ్ళాల్సి ఉంది. రెండుసార్లు వాయిదా వేశాను. చివరికి ఒక సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. ఆయన బస్టాండుకే వచ్చాడు. టీ తాగుతూ మెమో సంగతి, ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"నేను పేరు రాయలేదు గదమ్మా" అన్నాడు. మేడం అనడం అప్పటి నుంచే మానేశాడు.

"రాయలేదన్నా. డ్యూటీ చార్టు ఉంది కదా."

"అది నాకు తట్టనే లేదు." మిగిలిన టీ పారబోశాడు. "ఇన్నేండ్లు చేసినాను ఈ పని. తట్టనే లేదు సూడు."

ఆ రోజు వాళ్ళ ఆస్పత్రిలో నేను ఒక పేషెంటు వెంట నడిచాను. షుగరుతో కాలికి పుండు పడి, నయమై ఇంటికి పోతున్న ముసలాయన. గుడియాత్తం వైపు మనిషి, మాట్లాడేది అరవం. నర్సు మందులన్నీ ఒక్కొక్కటే చూపించి తెలుగులో చెప్పింది. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో కూడా తల ఊపే విన్నాడు. గేటు దాకా వెళ్ళి నాకొచ్చిన అరవంలో అడిగితే, ఆ సూది పొద్దున వేసుకోవాలా సాయంత్రం వేసుకోవాలా అని నన్నే అడిగాడు. ఆయన్ని వెనక్కి తీసుకొచ్చి, అరవం తెలిసిన ఇంకో నర్సు చేత మళ్ళీ చెప్పించాం.

పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాను. రాయబుద్ధి కాలేదు. రాస్తే ఆ నర్సు ఎవరో తెలుసుకోవడానికి నిమిషం పట్టదు.

"అన్నా, ఇది నేను మీ పైవాళ్ళకు ఇవ్వను. ముందు వార్డు వాళ్ళతో కూర్చుంటాను" అన్నాను.

డ్యూటీ మారే వేళకు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అందరూ కట్లు కట్టే గదిలో నిలబడ్డారు. ఇళ్ళకు పోవాలని అందరికీ తొందర. ముందు మా వార్డు సంగతి చెప్పాను, అరటిపండు, మెమో, చెన్నై, అన్నీ. తర్వాత ఈ ముసలాయన గేటు దగ్గర నన్నడిగిన మాట చెప్పాను. ఎవరు చెప్పారు, ఎవరు చెప్పలేదు అనలేదు. తర్వాత ఆయనకు మందులు చెప్పిన నర్సే నోరు విప్పింది.

"అది నేనే మేడం. ఆయన తలూపినాడు, సాలనుకున్యాను. ఎనకాల ఇంకా నలుగురు ఎదురు సూస్తా ఉన్నారు."

"మేమంతా అంతే గదక్కా" అంది ఇంకో అమ్మాయి.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. అరవం వచ్చినవాళ్ళు ఏ పూట ఎవరు ఉన్నారో చూసుకుని ఇంటికి పంపే పని వాళ్ళకు ఇద్దామన్నారు. ఇన్సులిన్ వాళ్ళను మధ్యాహ్నం హడావుడి తగ్గాకే పంపిద్దామన్నారు. వార్డు వాళ్ళే దాన్ని ఒక పేజీ రాసి అందరూ సంతకాలు పెట్టారు. అందరి సంతకాలూ ఉంటే మెమో ఎవరికిస్తారు? దాన్నే రిపోర్టుగా తీసుకోమని వాళ్ళ మేనేజ్‌మెంటును ఒప్పించడానికి మాత్రం చిత్తూరు ఆయనకు చాలా రోజులు పట్టింది.

తిరుపతిలో ఇదే చేస్తామని అడిగాను. పెద్ద డాక్టరు ఒక్క వార్డుకు ఒప్పుకున్నాడు. ఇందులోంచి మెమోలు పుట్టకూడదంటే తల పంకించాడు. నాకు ఆ తల పంకింపు చాల్లేదు. "మాటగా చెప్పండి సార్" అన్నాను. "సరేమ్మా, మెమోలు ఇవ్వం" అన్నాడు.

అక్క ఒప్పుకోలేదు. "నా పిల్లలను మళ్ళా నీకు అప్పజెప్పాల్నా?" అంది. నాకు కోపం రాలేదు, కోపానికి కూడా బలం ఉండాలి. "నేను రాను అక్కా. నాకు కాగితం కూడా ఇవ్వొద్దు. నువ్వే ఎవరో ఒకరి వెంట నడువు, వాళ్ళ బెల్లు మోగితే నువ్వే పో" అన్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. ఒక ముసలాయన వెంట పొద్దుటి నుంచి నడిచిందట. స్కానింగుకు తీసుకెళ్ళారు, రశీదు మీద వార్డు ముద్ర లేదని వెనక్కి పంపారు. ముద్ర వేయించుకుని వెళితే వరుస పోయింది, మళ్ళీ కూర్చోబెట్టారు.

"ఆ ముద్ర రూలు పెట్టినది నేనే" అంది. "ఎప్పుడో ఒక రశీదు పోయిందని పెట్టినాను. ఆయప్ప నన్ను జూసి, అమ్మా, నీకు కాళ్ళు నొయ్యలేదా, కూర్సో అన్నాడు."

ఆ మర్నాడే ఆ రూలు తీసేసింది.

ఆ రోజు లేచి వెళుతూ తలుపు దగ్గర ఆగింది. "అయినా ఆ పిల్లను పోగొట్టుకున్యాం. అది మాత్రం మర్సిపోను."

"నేను కూడా మర్చిపోలేదక్కా."

"తెలుసు లే" అంది.

ముందున్నంత దగ్గరగా ఇప్పుడు లేము. మేడం అనడం మాత్రం మానేసింది.

ఇప్పుడు మా ఆస్పత్రిలో మూడు వార్డులు ఇలా చూసుకుంటున్నాయి. నెలకో పేషెంటు వెంట వార్డు వాళ్ళే ఒకరు నడుస్తారు, టీ వేళకు కూర్చుని చెప్పుకుంటారు, ఒక పేజీ రాస్తారు. కొన్ని నెలలు ఎవరికీ తీరదు, అప్పుడు పేజీ ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉంచమని నేనే చెప్పాను. పిల్లల వార్డులో కూడా మొదలుపెట్టి రెండు నెలలకే ఆపేశారు. అక్కడ ఇన్‌ఛార్జి మారింది, కొత్తావిడకు ఇదంతా అదనపు చాకిరీలా కనిపిస్తోంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, అక్కడ ఇప్పటికీ మనుషులు చాలడం లేదు. పెద్ద సర్వే తేదీలు కూడా త్వరలో వస్తాయంటున్నారు. మిగతా విభాగాలు మళ్ళీ పూర్తి మార్కుల కాగితాలే పంపుతున్నాయి, నేను తీసుకుంటున్నాను. పిల్లల వార్డుకు మాత్రం ఈ వారంలో ఒకసారి వెళ్ళి కూర్చోవాలి. మెట్లు రెండంతస్తులు. లిఫ్టు పేషెంట్లకే చాలడం లేదు.